కుండీలో తెల్ల గులాబీ: మచ్చలేని పువ్వు కావాలంటే

ఎర్ర గులాబీ రేకు మీద చిన్న మచ్చ ఉన్నా ఎవరూ పట్టించుకోరు, తెల్ల గులాబీ మీద మాత్రం ఆవగింజంత మచ్చ పడినా ముందు అదే కంట్లో పడుతుంది. మొక్కను పెంచడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, అదే మట్టి, అవే నీళ్లు, అదే ఎరువు. తేడా అంతా పువ్వు దగ్గరే. అందుకని ఇక్కడ చెప్పేవన్నీ ఒకే లెక్కతో చదవండి: మొగ్గ రంగు చూపించినప్పటి నుంచి పువ్వు రాలేదాకా ఉండే ఆ పది రోజులు ఎండ, మంచు, వాన, పురుగు, మందు మరక ఏదీ రేకు జోలికి రాకుండా ఉండాలంటే మిగతా ఏడాదంతా మనం ఏం చేయాలి అని. హైదరాబాద్ లాంటి చోట డాబా మీద కుండీల్లో పెంచేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, నేలలో పెట్టేవాళ్లకు తేడా ఉన్నచోట చెబుతాను.

మొక్క కొనేటప్పుడు

గులాబీల్లో హైబ్రిడ్ టీ అనే రకానికి పొడవాటి కాడ, దానికి ఒక్కటే పెద్ద పువ్వు. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా వేరు. నర్సరీకి వెళ్లి ఊరికే "తెల్ల గులాబీ ఉందా" అని అడిగితే చాలాసార్లు ఐస్‌బర్గ్ లాంటి గుత్తి రకమే చేతిలో పెడతారు. అది 1958లో జర్మనీలో కోర్డెస్ అనే గులాబీల సంస్థ తెచ్చిన ఫ్లోరిబండా, చెడ్డ మొక్క కాదు, నిజానికి పెద్దగా శ్రద్ధ పెట్టలేనివాళ్లకు నేను దాన్నే కొనమంటాను. కానీ ఒక్క కాడ, ఒక్క పెద్ద పువ్వు కావాలంటే హైబ్రిడ్ టీ అని గట్టిగా అడగాలి, కాడకు ఎన్ని మొగ్గలున్నాయో కళ్లతో చూడాలి.

పేరున్న తెల్ల రకాల్లో 1963లో బెల్జియంలో లూయీ లెన్స్ తయారుచేసిన పాస్కలి ఒకటి, వాసన తక్కువ గానీ పువ్వు కుదురుగా ఉంటుంది, ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య 1991లో దాన్ని తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. 1965లో వచ్చిన జాన్ ఎఫ్. కెనెడీ మొగ్గలో కాస్త ఆకుపచ్చ ఛాయ చూపించి తర్వాత తెల్లబడుతుంది. మనవాళ్లు తయారుచేసినది కావాలంటే డాక్టర్ హోమీ భాభా ఉంది. మన వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్‌గా చేసిన బి.పి. పాల్ స్వయంగా గులాబీల పిచ్చి ఉన్న మనిషి, 1968లో ఆయన తెచ్చిన రకమిది. ఇవన్నీ ప్రతి నర్సరీలో దొరుకుతాయనుకోకండి. కడియం వైపు వెళ్లినా, నెక్లెస్ రోడ్డులో పెట్టే నర్సరీ మేళాకు వెళ్లినా మొక్కకు తగిలించిన పేరు చీటీని పూర్తిగా నమ్మొద్దు. ఒక్క పువ్వయినా విచ్చి ఉన్న మొక్కనే తీసుకోండి, రంగుకు అంతకు మించిన గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

పువ్వు చూశాక కిందకు చూడండి. అంటు కట్టిన చోటు కొంచెం లావుగా ముడిలా ఉంటుంది, దాని పైనుంచి కనీసం రెండు మూడు గట్టి కొమ్మలు రావాలి. ఒకటే సన్నటి కొమ్మ మీద పెద్ద పువ్వున్న మొక్క ఫొటోకి బాగుంటుంది, ఇంటికొచ్చాక నెల తిరక్కుండా ఎండిపోయే అవకాశమూ దానికే ఎక్కువ. అంటు దగ్గర ప్లాస్టిక్ టేపు ఇంకా బిగుసుకుని ఉంటే ఇంటికెళ్లాక బ్లేడుతో జాగ్రత్తగా కోసి తీసేయండి.

ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చకండి. వారం రోజులు వెలుతురున్న నీడలో పెట్టి, మన నీళ్లకు, గాలికి అలవాటు పడనివ్వండి. ఈ లోపల ఆకులు కొన్ని పసుపెక్కి రాలితే టెన్షన్ పడక్కర్లేదు.

కుండీ, మట్టి

పన్నెండు అంగుళాల కుండీ కనీసం, పద్నాలుగైతే మేలు. నల్ల ప్లాస్టిక్ కుండీలు డాబా మీద ఏప్రిల్ ఎండకు కాలిపోతాయి, లోపల వేర్లు కూడా ఆ వేడికి దెబ్బతింటాయి, కాబట్టి మట్టి కుండీ గానీ లేత రంగుది గానీ చూసుకోండి. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా పెంకులు వేసి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, అర పాలు కోకోపీట్, అర పాలు ముతక ఇసుక కలపండి. దాంట్లో గుప్పెడు వేపపిండి, రెండు చెంచాల ఎముకల పొడి. నల్లరేగడి ఒక్కటే నింపితే వానాకాలంలో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి. పచ్చి పేడ అసలు వద్దు.

నర్సరీ మొక్కల వేర్ల చుట్టూ చాలాసార్లు జిగట మట్టి ముద్ద గట్టిగా పట్టి ఉంటుంది. అలాగే నాటితే మీరు పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోయి ముద్ద లోపల పొడిగానే ఉంటుంది, లేదా ఒకసారి తడిస్తే ఆరదు. కవరు కోసి, ముద్దను అరగంట బకెట్ నీళ్లలో ఉంచి, వేర్లు తెగకుండా బయటి మట్టిని నెమ్మదిగా కరిగించండి, అంతా కడగక్కర్లేదు. ఈ పని చల్లటి రోజుల్లోనే, సాయంత్రం పూటే చేయండి. ఎండాకాలంలో కొన్న మొక్కకైతే ముద్ద ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు కుండీలోకి దించి, అక్టోబరులో చూసుకోండి.

నాటేటప్పుడు అంటు ముడి మట్టికి రెండు అంగుళాలు పైన ఉండాలి. ఇది మర్చిపోతే ఏమవుతుందో రంగు మారడం గురించి చెప్పేటప్పుడు చూద్దాం. నేలలోనైతే రెండడుగుల గొయ్యి అన్ని వైపులా తీసి, మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు వదలండి.

చోటు విషయంలో తూర్పు వైపు ఎండ మంచిది. రోజుకు ఆరు గంటలు తగలాలి, అందులో ఎక్కువ భాగం పొద్దున్నదైతే ఆకుల మీద మంచు త్వరగా ఆరుతుంది, తెగుళ్లు తగ్గుతాయి, మధ్యాహ్నం ఎండకు రేకుల అంచులు మాడవు.

పూలు ఎప్పుడు కావాలో ముందే అనుకోండి

మన దగ్గర మంచి తెల్ల గులాబీకి సీజన్ నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకానే. మార్చి దాటాక వచ్చే పువ్వు చిన్నదవుతుంది, మధ్యాహ్నానికే విప్పారి అంచులు గోధుమ రంగుకి తిరుగుతాయి. జూలై, ఆగస్టుల్లో మొగ్గ తడిసి రేకులు ఒకదానికొకటి అతుక్కుని, విచ్చకుండానే కుళ్లిపోతుంది. ఎర్ర రకాలు ఆ రోజుల్లో కూడా ఏదో ఒకలా నెట్టుకొస్తాయి. అందుకే తెల్లదానికి ఏడాది పొడవునా పూయించాలన్న ఆశ వదిలేసి, ఆ నాలుగు నెలల పూల మీద మాత్రమే గట్టిగా పనిచేయమంటాను.

దానికి మొదటి మెట్టు కత్తిరింపు. వానలు వెనకబట్టాక, అక్టోబరు రెండో వారం ప్రాంతంలో చేయండి. కత్తిరించిన రోజు నుంచి పువ్వు విచ్చేదాకా సుమారు నలభై అయిదు నుంచి యాభై రోజులు పడుతుంది, చలి ముదిరితే ఇంకో వారం. సంక్రాంతికి పూలు కావాలంటే నవంబరు మూడో వారంలో కత్తిరించాలి, క్రిస్మస్‌కైతే నవంబరు మొదట్లోనే. నాలుగైదు కుండీలున్నవాళ్లు ఒకేసారి కాకుండా పదేసి రోజుల తేడాతో కత్తిరిస్తే పూలు వరసగా వస్తాయి.

ఎలా కత్తిరించాలంటే, ముందు ఎండిన కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నటివి, ఒకదానికొకటి రాసుకునేవి మొదటికంటా తీసేయండి. మిగిలిన వాటిలో మూడు నుంచి అయిదు గట్టి కొమ్మలు ఉంచి, వాటిని ఎత్తులో సగానికి కోయండి. బయటి వైపు చూసే కన్ను (కొమ్మ మీద చిగురు పుట్టే చిన్న బుడిపె) వెతికి, దానికి పావు అంగుళం పైన ఏటవాలుగా కోత పెట్టాలి, అప్పుడు కొత్త కొమ్మ బయటికి వెళ్లి మధ్యలో గాలి ఆడుతుంది. చలిదేశాల వీడియోలు చూసి నేలకు అరడుగు వదిలి అంతా నరికేసేవాళ్లున్నారు, మన ఎండలకు అంత లోతు కోత అక్కర్లేదు, మొక్క కోలుకోవడానికే సీజన్ సగం పోతుంది. కోసిన చోట కొమ్మ లోపల తెల్లగా ఉండాలి. గోధుమ రంగు కనబడితే ఆ కొమ్మ లోపల ఎండుతోందని అర్థం, తెలుపు కనబడేదాకా ఇంకా కిందికి కోయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నీళ్లతో ముద్దలా కలిపి కోతల మీద రాసేయండి. కటర్‌ని మొక్క మొక్కకూ స్పిరిట్‌తో తుడవడం బద్ధకమే గానీ, కొమ్మ ఎండు తెగులు ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి పాకేది ఎక్కువగా ఆ కటర్ మీదే.

కత్తిరించిన పది రోజులకు చిగుళ్లు ఎర్రగా కనబడతాయి. అప్పటి నుంచి ఎరువు మొదలుపెట్టండి. కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు పైమట్టిలో కలిపి, పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నీళ్లు పోయండి: వంద గ్రాముల చెక్క లీటరు నీళ్లలో నాలుగైదు రోజులు నానబెట్టి, దానికి పదింతలు నీళ్లు కలిపి, కుండీకో లీటరు. వాసన భరించలేమంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరుకు రెండు గ్రాములు కలిపి పోసినా సరిపోతుంది. యూరియా వేయకండి, ఆకు ఏపుగా వస్తుంది, బూడిద తెగులు దాని వెనకే వస్తుంది, పువ్వు మాత్రం పల్చబడుతుంది. మొగ్గ రంగు చూపించగానే ఎరువు ఆపేయాలి. ఇక గుడ్డు పెంకుల గురించి: బోరు నీళ్లు పోసే ఇళ్లలో మట్టిలో సున్నం ఇప్పటికే ఎక్కువ ఉంటుంది, ఇంకా పెంకులు పొడి చేసి వేయడం ఎందుకో నాకు అర్థం కాదు. వాడిన టీపొడి వేయాలనుకుంటే చక్కెర పోయేదాకా కడిగి వేయండి, లేకపోతే చీమలొస్తాయి, చీమల వెంట పిండినల్లి.

బోరు నీళ్లతో ఇంకో చిక్కు. కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము అందకపోవడం వల్ల. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లితే వారం పది రోజుల్లో కొత్తగా వచ్చే చిగురు పచ్చబడుతుంది. ఇది మొగ్గలు రాకముందే చేయాలి, అన్నభేది తెల్ల రేకు మీద పడితే తుప్పు మరకే. వాన నీళ్లు పట్టుకోగలిగితే గులాబీలకు దాచి పోయండి.

మొగ్గ దశ, ఇక్కడే అసలు పని

కొమ్మ చివర మొగ్గ శనగ గింజంత ఉన్నప్పుడు దాని పక్కన ఒకటి రెండు చిన్న మొగ్గలు వస్తాయి. వాటిని గోరుతో పక్కకు వంచి తుంచేయండి, మనసొప్పకపోయినా సరే. ఆ బలమంతా మధ్య మొగ్గకే వెళ్లి పువ్వు అరచేయంత అవుతుంది. ఆలస్యం చేస్తే కాడ మీద నల్లటి మచ్చ మిగులుతుంది. కొత్తగా నాటిన మొక్కకు మాత్రం మొదటి విడత మొగ్గలు అన్నీ గిల్లేయండి, ముందు కొమ్మలు పెరగాలి.

తెల్ల గులాబీకి నంబర్ వన్ శత్రువు తామర పురుగు. లేత రంగు పూలంటే దానికి మహా ఇష్టం, పక్కపక్కన ఎర్రది, తెల్లది ఉంటే ముందు తెల్లదాని మీదే వాలుతుంది. మిర్చి రైతులకు దీని సంగతి బాగా తెలుసు. మొగ్గ ఇంకా బిగుసుకుని ఉండగానే సందుల్లోంచి లోపలికి దూరి రేకుల అంచులు గీరి రసం పీలుస్తుంది, దాంతో విచ్చేసరికి అంచులన్నీ ఇస్త్రీపెట్టె తగిలిన గుడ్డలా గోధుమ రంగులో ఉంటాయి, కొన్ని మొగ్గలు అసలు విచ్చవు. చాలామంది దీన్ని ఎండ దెబ్బ అనుకుని మొక్కను నీడలోకి జరుపుతారు, పురుగు మాత్రం లోపల అలాగే ఉంటుంది. అనుమానం వస్తే పువ్వును కోసి తెల్ల కాగితం మీద గట్టిగా దులపండి, పసుపు, గోధుమ రంగుల్లో సన్నటి గీతలు కదిలితే అవే.

మందు లోపలికి చేరదు కాబట్టి పురుగు లోపలికి వెళ్లకముందే అడ్డుకోవాలి. మొగ్గ కనబడ్డప్పటి నుంచి వారానికోసారి వేపనూనె అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్లు లీటరు నీళ్లలో బాగా గిలకొట్టి సాయంత్రం చల్లండి. కుండీల మధ్య నీలం రంగు జిగురు అట్టలు మొగ్గల ఎత్తులో కట్టండి, తామర పురుగులు నీలానికి వచ్చి అంటుకుంటాయి. అంచులు మాడిన పూలను చెట్టు మీద వదలకుండా కోసి కవర్లో కట్టి పారేయాలి, కంపోస్టులో వేస్తే మళ్లీ మీ ఇంటికే వస్తాయి. అయినా తగ్గకపోతే స్పినోసాడ్ 45 శాతం మందు లీటరుకు 0.3 మిల్లీలీటరు, చీకటి పడే వేళకు మాత్రమే, ఎందుకంటే తడిగా ఉన్నప్పుడు అది తేనెటీగలకు విషం. చేతులకు గ్లౌజులు, మూతికి గుడ్డ మర్చిపోకండి.

రెండోది మంచు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి మంచు మొగ్గ మీద నిలిస్తే తెల్ల రేకుల మీద ఎర్రటి చిన్న చుక్కలు వస్తాయి, తర్వాత అవి ముదిరి బూజు పడుతుంది. ఇది శిలీంధ్రం పని, కొందరు రకమే అంత అనుకుని ముచ్చట పడతారు కూడా. దీనికి మందు కంటే కుండీ జరపడం మేలు: మొగ్గ రంగు చూపించగానే రాత్రిపూట సజ్జ కిందో, మెట్ల గది పక్కనో పెట్టి పొద్దున్నే ఎండలోకి తేవాలి. నీళ్లు ఎప్పుడూ పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోయండి, పైపుతో మొక్క మొత్తాన్ని తడిపే అలవాటు పూల రోజుల్లో మానేయండి. బయటి రేకులకు చలిరాత్రుల్లో లేత గులాబీ ఛాయ రావడం మాత్రం వేరు, కొన్ని తెల్ల రకాలకు అది సహజం.

బూడిద తెగులుకు నీటిలో కలిసే గంధకం లీటరుకు రెండు మూడు గ్రాములు, నల్లమచ్చకు మాంకోజెబ్ లీటరుకు రెండున్నర గ్రాములు అందరూ వాడేవే. తెల్ల గులాబీ దగ్గర గుర్తుంచుకోవాల్సింది వీటి మరక. గంధకం, మాంకోజెబ్ రెండూ రేకు మీద పసుపు పొడి వదులుతాయి, కడిగితే రేకు నలుగుతుంది. కాబట్టి ఇవన్నీ చిగురు దశలోనే ముగించాలి. గంధకానికీ వేపనూనెకీ మధ్య రెండు వారాల ఎడం ఉండాలి, బాగా ఎండగా ఉన్నప్పుడు గంధకం చల్లితే ఆకులు మాడతాయి.

ఎండాకాలం, వానాకాలం

మార్చి నుంచి జూన్ దాకా మొక్కను బతికించడమే పని. మధ్యాహ్నం ఎండకు యాభై శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి, మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులో కొబ్బరి పీచో పరచండి, వచ్చిన మొగ్గలు వచ్చినట్టే గిల్లేయండి. ఆకు అడుగున ఎర్రనల్లి చేరితే ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోతాయి, అప్పుడు పొద్దున్నే పైపుతో ఆకుల అడుగుభాగం గట్టిగా కడగడం చాలా మందుల కంటే బాగా పనిచేస్తుంది. తొలకరి తర్వాత రాత్రుళ్లు పెంకు పురుగులు వచ్చి ఆకులూ పూలూ కొరుకుతాయి, టార్చి వేసి ఏరి సబ్బునీళ్లలో వేయడమే మార్గం. వానల్లో కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయండి.

"తెల్లది కొన్నాను, రంగు మారిపోయింది"

ఈ ఫిర్యాదు తరచూ వినబడుతుంది. తెల్లది కొన్నాను, ఏడాది రెండేళ్లు తెల్లగానే పూసింది, ఇప్పుడు చిన్న చిన్న గులాబీ రంగు పూలు గుత్తులుగా వస్తున్నాయి, నర్సరీవాడు మోసం చేశాడా లేక మట్టి గుణమా అని. రెండూ కాదు. మీరు కొన్నది ఒక మొండి జాతి గులాబీ వేరు మీద తెల్ల రకం కన్ను అంటుకట్టిన మొక్క. అంటు ముడి కింద నుంచి, ఒక్కోసారి మట్టిలోంచి, ఆ వేరు మొక్క సొంత కొమ్మ లేస్తుంది. అది తెల్లదానికంటే బలమైనది, వేగంగా పెరుగుతుంది, బలమంతా తను లాగేసుకుంటే పైన తెల్ల అంటు మెల్లగా ఎండిపోతుంది, చివరికి మిగిలేది వేరు మొక్క పూసే పూలే.

ఆకుకు ఏడు రెక్కలుంటే వేరు మొక్క, అయిదుంటే అసలుది అని చెబుతుంటారు, అది అన్నిసార్లూ నిజం కాదు. కొమ్మ ఎక్కడి నుంచి మొదలైందో చూడటమే సరైన గుర్తు, ముడి పైనుంచి వస్తే ఉంచాలి, కింద నుంచి వస్తే తీసేయాలి. అంటు ముడి పైకి కనబడేలా నాటమన్నది ఇందుకే. తీసేటప్పుడు కటర్‌తో కోస్తే అక్కడే మళ్లీ రెండు లేస్తాయి. చుట్టూ మట్టి తీసి, కొమ్మ పుట్టిన చోటికి వెళ్లి, గ్లౌజు వేసుకుని కిందికి లాగి చీల్చేయండి. లేతగా ఉన్నప్పుడే చేస్తే తేలిక, కాబట్టి నెలకోసారి ముడి కింద ఒక కన్నేసి ఉంచండి.

పువ్వు కోయడం

జాడీలో పెట్టుకోవాలంటే బయటి ఒకటి రెండు రేకులు వదులైన మొగ్గను పొద్దున్నే కోయండి, పూర్తిగా విచ్చాక కోస్తే రెండు రోజులకే రాలుతుంది. కింద కొమ్మ మీద అయిదు రెక్కలున్న ఆకులు కనీసం రెండు మిగిలేలా, బయటికి చూసే ఆకు మీద కోత పెట్టాలి. కాడ ఎంత పొడవుగా కోస్తే తర్వాతి విడత అంత ఆలస్యం, బలహీనమైన మొక్క నుంచి పొట్టి కాడతోనే సరిపెట్టుకోండి. చెట్టు మీదే వాడిన పూలను కూడా ఇదే పద్ధతిలో తీసేస్తే ఆరేడు వారాల్లో మళ్లీ పూస్తుంది, అలా ఒక అక్టోబరు కత్తిరింపు మీద మార్చి లోపల రెండు మంచి విడతలు వస్తాయి. రెండేళ్లకోసారి ఆ అక్టోబరులోనే మొక్కను కుండీలోంచి తీసి, అంచుల్లో చుట్టలు చుట్టుకున్న వేర్లు కొంచెం కత్తిరించి, మూడో వంతు పాత మట్టి దులిపేసి కొత్తది నింపండి.